చిక్కం కూలి, ఏరుడు కూలి

(గ్రామీణ మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయంలో అసమాన వేతనాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మామూలుగా ఇలాంటి చోట రాజ్యాంగంలోని 39(డి) అధికరణంతో మొదలుపెట్టి, చట్టాల మీదుగా మెల్లగా ఊళ్ళోకి దిగుతాం. ఈసారి తోటలోంచే మొదలుపెడతాను. ఒక వెదురు గడ గురించి మాట్లాడతాను.

మామిడి తోటలున్న ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకి చిక్కం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెబుతున్నాను. పొడుగాటి గడ చివర ఒక ఇనుప చుట్టు, దానికి వేలాడే వల సంచి. కొన్నిటికి చుట్టు అంచున చిన్న కత్తి కూడా ఉంటుంది. కాయను చుట్టులోకి తీసుకుని ఒడుపుగా లాగితే తొడిమ తెగి కాయ వలలో పడుతుంది. ఉత్త కొక్కెం ఉన్న దోటితో లాగితే కాయ నేలమీద పడి దెబ్బ తింటుంది. పచ్చడి కాయకి అది చెల్లుతుందేమో గానీ, మాగబెట్టి అమ్మే బంగినపల్లికి చెల్లదు. ఎద్దు పైరు మేయకుండా మూతికి కట్టే వలను కూడా మనవాళ్ళు చిక్కమనే అంటారు. దానిమీద నేనిప్పుడు వ్యాఖ్యానం చేయబోవడం లేదు.

ఆ మధ్య ఒక వేసవిలో నూజివీడు వైపు ఒక తోటలో కొన్నాళ్ళు కూలీలతో కూర్చుని మాట్లాడాను. కాపు కొన్న వ్యాపారి, అతని తరఫున మేస్త్రీ, మేస్త్రీ తెచ్చిన జట్టు. మగవాళ్ళు చిక్కాలు పట్టేవారు, చెట్లెక్కేవారు. ఆడవాళ్ళు కింద ఉండేవారు. వాళ్ళ కూలికి అక్కడ రెండు పేర్లున్నాయి: చిక్కం కూలి, ఏరుడు కూలి. రెండోది తక్కువ అని వేరే చెప్పాలా?

ఒకరోజు చిక్కం పట్టే మనుషులిద్దరు పనిలోకి రాలేదు. లారీ సాయంత్రానికి వెళ్ళాలి. జట్టులో నలభై ఏళ్ళ మనిషి ఒకామె, ఎవరూ చెప్పకుండానే గడ అందుకుంది. చిన్నప్పుడు తండ్రితో తోట కాపలా ఉన్న మనిషి, ఆమెకి ఒడుపు తెలుసు. పొద్దు వాలేదాకా కోసింది. సాయంత్రం ఆమె చేతిలో పడింది మాత్రం ఏరుడు కూలే. అడిగితే మేస్త్రీ చెప్పిన జవాబు నేను రాసుకున్నాను: “నువ్వొచ్చింది ఏరుడుకే గదమ్మా. గడ నువ్వు పట్టుకుంటే నేనేం జేసేది?”

ఈ జవాబులో ఒక సిద్ధాంతం ఉంది. చిక్కానికి నైపుణ్యం కావాలి కాబట్టి దానికి ఎక్కువ కూలి అని మనకి చెబుతూ వచ్చారు. అదే చిక్కం ఆడమనిషి చేతిలోకి వచ్చిన రోజున నైపుణ్యం మాట మాయమైంది. అంటే కూలి గడకూ కాదు, ఒడుపుకూ కాదు, గడ పట్టిన మనిషికన్న మాట.

పనిముట్టుకీ మగతనానికీ ఉన్న ఈ లంకె కొత్తది కాదు. 1970లో వచ్చిన తన పుస్తకంలో ఎస్టర్ బోసెరప్, పారతో సాగుచేసే సమాజాల్లో వ్యవసాయం ఎక్కువగా స్త్రీల చేతిలో ఉండటం, నాగలి వచ్చిన చోట అది మగవాళ్ళ పని కావడం చర్చించింది. మన దగ్గర ఆడది నాగలి పట్టకూడదనే కట్టుబాటు ఎంత గట్టిదో మీకు తెలుసు. దీనికి మరోవైపు చూడాలంటే నర్సాపురం వెళ్ళాలి. అక్కడి లేసు అల్లే స్త్రీలపై మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆ లేసు విదేశాలకు ఎగుమతయ్యేది. అల్లినవాళ్ళని మాత్రం ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారు. కాబట్టి ఆడవాళ్ళ చేతిలోనూ పనిముట్టు ఉండొచ్చు. కానీ అప్పుడది పనిముట్టు కాదు, కాలక్షేపం.

ఇక తోటలో కింద జరిగే పనిని చూద్దాం. దాన్ని ‘ఏరుడు’ అనడంలోనే మోసం ఉంది.

వలలోంచి కాయ తీసి, పొడుగు తొడిమను చిన్నగా కత్తిరించాలి. మొదలంటా తుంచితే సొన చిమ్మి కాయ తొక్క మీద పడుతుంది. పడిన చోట తొక్క నల్లబడుతుంది, మచ్చ పడ్డ కాయకి ధర పడిపోతుంది. అందుకని కాయను తొడిమ కిందికి ఉండేట్టు బోర్లించి, సొన పూర్తిగా కారిపోయేదాకా ఆగాలి. పక్వానికి వచ్చిందేదో రానిదేదో భుజం తీరు, రంగు చూసి తేల్చాలి. సైజు ప్రకారం వేరుచేయాలి. నొక్కుకుపోకుండా ట్రేలలో సర్దాలి. నెత్తిన పెట్టుకుని లారీ దాకా మోయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, కాయని కాల్చే ఆ సొన మనిషి చర్మాన్ని కూడా కాలుస్తుంది. ఆ తోటలో చాలామంది ఆడవాళ్ళ ముంజేతుల మీద, మెడ దగ్గర సొన మచ్చలు చూశాను. చేతికి తొడుగులు ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ఎగుమతి చేసే చోట్ల ఈ సొన కార్చే పనికి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారు. తోటలో అదే పనికి శిక్షణా లేదు, పేరూ లేదు.

చట్టం దగ్గరికి ఇప్పుడు వద్దాం. 1976 సమాన వేతనాల చట్టం “ఒకే పని లేదా ఒకే స్వభావం గల పని”కి ఆడామగా తేడా లేకుండా ఒకే వేతనం ఇవ్వాలంది. 2019 వేతనాల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. సూత్రం మాత్రం దాదాపు అదే. గడ పట్టిన ఆమె విషయంలో చట్టం స్పష్టంగా ఆమె పక్షాన ఉంది. 1987లో ఆడ్రే డికోస్టా కేసులో సుప్రీంకోర్టు చూసింది కూడా ఇదే. మహిళా స్టెనోగ్రాఫర్లకు వేరే పేరు పెట్టి తక్కువ జీతం ఇస్తే, పేరును కాదు, వాళ్ళు నిజంగా చేస్తున్న పనిని చూడాలని కోర్టు చెప్పింది.

కానీ మిగిలినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళు గడ పట్టలేదు. వాళ్ళ పని “ఒకే స్వభావం గల పని” కాదని మేస్త్రీ అంటే మన చట్టంలో దానికి జవాబు వెతుక్కోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒడంబడిక “సమాన విలువ గల పని” అంది. మన దేశం దాన్ని 1958లో ఆమోదించింది. పనులు వేరైనా విలువ సమానమైతే వేతనం సమానం కావాలన్న ఆ భావం మన చట్టం మాటల్లోకి ఇంతవరకూ రాలేదు. చిక్కం చేసే అసలు పని ఇక్కడ ఉంది. అది కాయల్నే కాదు, పనిని కూడా రెండుగా కోస్తుంది.

మరి ఆడవాళ్ళకి కూడా చిక్కం ఇవ్వమని అడిగితే సరిపోతుందా? కేరళలో 2011 నుంచి కొబ్బరి బోర్డు చెట్టెక్కే పరికరంతో శిక్షణ ఇచ్చింది, స్త్రీలూ నేర్చుకున్నారు. నేర్చుకోలేరన్న మాట అక్కడ అబద్ధమైంది. నాకది సంతోషమే. కానీ నూజివీడు తోటలో ఇదే అడిగితే ఆడవాళ్ళు నవ్వారు. “రోజంతా మెడెత్తి ఆ గడ మొయ్యడం మాకెందుకమ్మా? వాళ్ళకీ మెళ్ళు పట్టేస్తన్నాయి” అన్నారు. నిజమే, గడ పొడుగయ్యేకొద్దీ చివరనున్న కాయ బరువు భుజానికి ఎన్నో రెట్లుగా తెలుస్తుంది. అల్యూమినియం గొట్టాలు తేలికే, కరెంటు తీగెలున్న చోట అవి ప్రాణాంతకం. మగవాళ్ళ కష్టాన్ని తక్కువ చేయాల్సిన అవసరం మనకి లేదు. గడ పట్టాలనుకున్న ఆమెకి గడ కూలి రావాలి, పట్టననే ఆమెకి ఆ కారణంగా కూలి తగ్గకూడదు. రెండూ ఒకేసారి అడగాలని నా అభిప్రాయం. మొదటిది ఒక్కటే అడిగితే పదిమందిలో ఒకామెకి మేలు జరిగి, మిగతా తొమ్మిదిమందికి ‘చేతకానివాళ్ళు’ అన్న ముద్ర పడుతుంది.

దీనికి దారి మనం చూడనిది కాదు. 2005 చట్టం కింద నడిచిన ఉపాధి హామీ పనుల్లో చెరువు మట్టి తవ్విన మనిషీ, తట్ట మోసిన మనిషీ ఒకే జట్టు. కొలిచింది గుంతని. వచ్చింది అందరూ పంచుకున్నారు. మామిడి తోటలో కూడా లారీకెక్కిన ట్రేలు లెక్కబెట్టడం కష్టమేమీ కాదు. వ్యాపారి ఎలాగూ లెక్కబెడతాడు. ఆ లెక్క మీద జట్టుకి కూలి కట్టి, అందరికీ సమానంగా, ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వమని అడగొచ్చు. భార్యాభర్తలిద్దరి కూలీ భర్త చేతిలో పెట్టే అలవాటుకి కూడా దీంతో కొంత అడ్డు పడుతుంది.

ఆ జట్టు ఆడవాళ్ళు ఈ మాట ఎత్తితే మొదట మగవాళ్ళే ఒప్పుకోలేదు. తమ కూలి తగ్గిపోతుందని వాళ్ళ భయం. అది కొట్టిపారేయదగ్గ భయం కాదు. మొత్తం రేటు పెంచమని అడుగుదామన్నాక కొందరు దగ్గరికొచ్చారు. మేస్త్రీ మాత్రం సీజను మధ్యలో ఇలాంటివి కుదరవన్నాడు. ఆ సంగతి మాత్రం అతను సరిగ్గానే చెప్పాడు. పూత మీదే కాపు బేరాలు తెగుతాయి. కూలి మాట వేసవిలో ఎత్తితే లారీ ఎదురుచూస్తుంటుంది, కాయ పండిపోతుంటుంది, ఎవరికీ వినే తీరిక ఉండదు. మామిడి తోటలున్న మండలాలనుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. పుష్య, మాఘ మాసాల్లో, చెట్లు పూతమీద ఉండగానే మీ ఊళ్ళో జట్టులన్నిటినీ ఒకసారి కూర్చోబెట్టడం వీలవుతుందా? మధ్యాహ్నం ఆ సంగతే మాట్లాడుకుందాం.