నిద్రలో ఆగు ఊపిరి - పగటి బుద్ధి



వైద్యపట్టభద్రులైన పట్టాభి సీతారామయ్యగారు రోగుల నాడి చూచిన ఈ మచిలీపట్నమున, వారును కోపల్లె హనుమంతరావుగారును ముట్నూరి కృష్ణారావుగారును కలిసి 1910లో ఆంధ్రజాతీయకళాశాలను నిలిపిన ఈ పురమున, శాస్త్రవిషయమును తెలుగున చర్చించు సభకు నన్ను అధ్యక్షునిగా కూర్చుండబెట్టినందులకు కృతజ్ఞుడను. నిద్రలో ఊపిరి ఆగు వ్యాధికి గల చికిత్సలలో ఏది మనుష్యుని బుద్ధిని ఎంతవఱకు మరల ఇయ్యగలదన్నదే నేటి నా ప్రస్తావము.

గుడివాడ రైసుమిల్లులో చిట్టా ఆవర్జాలు వ్రాయు నడివయసు గుమాస్తాను ఒకనిని తలచుకొనుడు. రాత్రి అతని గురక వీధిగుమ్మము దాక వినవచ్చును. నడుమ అది చటుక్కున ఆగును. ప్రక్కనున్న ఇల్లాలు గుండె చిక్కబట్టుకొని పది, పదునైదు అని లెక్కించునంతలో అతడు ఉలికిపడి, ఎగశ్వాసతో గాలి పీల్చి, మరల గురక పట్టును. గొంతులోని మెత్తని కండరములు సడలి శ్వాసమార్గమును మూయుటయే దీనికి హేతువు. ఇట్లు 10 సెకనులకు తక్కువకాకుండ ఊపిరి ఆగుటయు సన్నగిల్లుటయు కలిసి గంటకు 30 మారులకు చేరినచో వ్యాధి తీవ్రమని వైద్యులందురు. ఆగినప్పుడెల్ల రక్తమున ప్రాణవాయువు తఱుగును, నిద్ర తునుగును. మఱునాడు ఆ గుమాస్తా బస్తాల లెక్కను చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించులోపలనే మఱచును. ఇంటివారు ‘వయసు మీదపడినది’ అని సరిపెట్టుకొందురు. మందుగల వ్యాధికి ఇట్లు వార్ధక్యమని పేరుపెట్టి ఊరకుండుట నన్ను మిక్కిలి బాధించుచున్నది.

1981లో సిడ్నీ నగరమున కాలిన్ సలివన్ లోకమునకు తెలిపిన సీప్యాప్ యంత్రము, ముక్కుపై తొడుగుద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెఱచియుంచును. ఊపిరి ఆగకుండ చేయుటలో దాని సామర్థ్యము నిస్సంశయము. బుద్ధి విషయమున మాత్రము ఫలమంత సులభముగా చేతికందలేదు. అమెరికాలో వేయిమందికి పైబడిన రోగులపై జరిపి 2012లో ప్రకటించిన ఆపిల్స్ పరీక్షలో, నిజయంత్రము వాడినవారికిని ఉత్తుత్తి యంత్రము వాడినవారికిని ఆఱునెలల పిమ్మట జ్ఞాపకమునగాని అవధానమునగాని చెప్పుకోదగిన భేదము కానరాలేదు. నిజయంత్రము వాడినవారికి పగటి కునుకుపాటు మాత్రము తగ్గినది. నిరాశపడువారు 2006 నాటి చిన్న పరిశీలనను గూడ చూడవలెను: జ్ఞాపకము దెబ్బతిన్న రోగులలో, మూడునెలలపాటు రాత్రికి 6 గంటలకు పైగా యంత్రము వాడినవారిలో అధికులు సామాన్యస్థాయికి చేరిరి, 2 గంటలైన వాడనివారిలో అట్టివారు కొద్దిమంది.

క్రింది దవడను ముందునకు జరిపి పట్టు దంతపరికరము సీప్యాప్‌కంటె బలహీనము. అయినను 2013లో సిడ్నీ పరిశోధకులు అవే రోగులకు రెండింటిని నెలకొకటి చొప్పున ఇచ్చి చూడగా, దంతపరికరమును వారు ఎక్కువసేపు ధరించుటచే కాబోలు, పగటి మెలకువ రెండింటను ఇంచుమించు సమముగనే మెఱుగుపడెను. బ్యారేజి వద్ద ఎంత నీరు వదలిరో దివిసీమ శివారు రైతు అడుగడు. తన బోదెలోనికి ఎంత వచ్చెనో చూచును. చికిత్సలను మనమును అట్లే తూచవలెనని నా దృఢవిశ్వాసము. వైశాఖపు ఉక్కలో, కరెంటు పోయిన రాత్రి, చెమటకు జారు తొడుగును నాగాయలంకలోని రోగి ఎన్ని గంటలు ఉంచుకొనగలడో యంత్రము వ్రాసియిచ్చు వైద్యుడు ముందుగా అడుగవలెను.

నాలుకనాడిని ప్రేరేపించు పరికరము, 2024లో స్థూలకాయులగు ఈ రోగులకై అమెరికా అనుమతించిన తిర్జెపటైడ్ సూదిమందు, ఆఱునెలలు శంఖమూదినవారికి కొంత గుణము కనబడెనని 2025లో జైపూరు వైద్యులు ప్రకటించిన చిన్న పరీక్ష - ఇవన్నియు ఆశాజనకములే. బుద్ధిని గూర్చి తీర్పు చెప్పుటకు ఇంకను వేళ కాలేదు.

2023లో ఈ మచిలీపట్నమున ప్రభుత్వ వైద్యకళాశాల తెఱవబడినది. నిద్రపరీక్షతోపాటు జ్ఞాపకపరీక్షయు, అక్షరము రాని కోడూరు రైతుకూలికి సైతము చేయదగినట్లు, తెలుగున సిద్ధపఱుపుడని అందలి యువవైద్యులను ప్రార్థించుచున్నాను. చికిత్సకు ముందొకమారు, ఆఱునెలలకొకమారు ఆ పరీక్ష జరుగవలెను. రాత్రికెన్ని గంటలు వాడిరో దాని ప్రక్కనే వ్రాయవలెను. ఇక ప్రథమ వ్యాసకర్తను వేదికకు ఆహ్వానించుచున్నాను.