జీటీనా, సూపరా? డ్రాగన్ బాల్‌లో వరానికి వెల ఎంత

ఈ ఎపిసోడ్ పెద్దదోర్నాలలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో శ్రీశైలం బస్సు హారన్ వినిపిస్తే కాస్త సర్దుకోండి.

ఈరోజు టాపిక్ డ్రాగన్ బాల్ జీటీ, డ్రాగన్ బాల్ సూపర్. రెండూ డ్రాగన్ బాల్ జీ తర్వాత వచ్చిన సిరీస్‌లే. ముందే చెప్తున్నా, రెండింటి క్లైమాక్స్‌లూ చెప్పేస్తాను. చూడనివాళ్ళు చూసొచ్చి వినండి, నేనెక్కడికీ పోను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. రెండేళ్ళ క్రితం ఇదే ఛానెల్లో నేను జీటీని చెత్త అన్నాను. "అది ఒరిజినల్ రచయిత రాసింది కాదు, కాబట్టి లెక్కలోకి రాదు" అని రెండు ముక్కల్లో కొట్టిపారేశాను. అప్పుడు నేను జీటీ చూసింది బీటెక్ హాస్టల్లో, ఎవరిదో హార్డ్ డిస్క్‌లో, సగం ఎపిసోడ్లు ఎగరగొట్టుకుంటూ. ఇప్పుడు రెండూ మొదటి నుంచి చివరిదాకా వరసగా చూశాను. ఆ మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. ఏ సగం అనేది చివర్లో చెప్తాను.

మళ్ళీ చూడాలని ఎందుకనిపించిందంటే, మా బాబాయి కొడుకు వల్ల. ఏడో తరగతి. 2022లో కార్టూన్ నెట్‌వర్క్‌లో సూపర్ తెలుగులో మొదలైనప్పటి నుంచి వాడికి గోకు పిచ్చి. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం కూర్చుని చూస్తుంటే ఉన్నట్టుండి అడిగాడు. "అన్నా, ఎవురు సచ్చినా డ్రాగన్ బాల్స్‌తో మళ్ళా బతికిస్తారు గదా. ఇంక బయపడేది ఎందుకు?"

నేను "ఊరుకోరా, ఫైట్ చూడు" అన్నాను. పక్కన కందికాయలు ఒలుచుకుంటున్న మా నాయనమ్మ మాత్రం ఊరుకోలేదు. "వరాలు ఊరికే ఇయ్యరు రా. ఎప్పుడో ఒకనాడు లెక్క అడుగుతారు" అంది. ఆమెకు గోకు ఎవరో తెలీదు. కానీ జీటీ మొత్తం కథ ఆ ఒక్క మాటలో ఉంది. ఆ రాత్రే జీటీ మళ్ళీ మొదలుపెట్టాను.

సరే, కొత్తవాళ్ళ కోసం లెక్కలు ఒకసారి. అకిరా తొరియామా డ్రాగన్ బాల్ మాంగా 1984లో మొదలై 1995లో ముగిసింది. మొత్తం 519 అధ్యాయాలు. దాన్ని తోయీ యానిమేషన్ టీవీకి తీసింది. మొదట 153 ఎపిసోడ్ల డ్రాగన్ బాల్, తర్వాత 291 ఎపిసోడ్ల జీ. జీ చివరి ఎపిసోడ్ 1996 జనవరి 31న వచ్చింది. జీటీ మొదటి ఎపిసోడ్ 1996 ఫిబ్రవరి 7న వచ్చింది. అంటే సరిగ్గా వారం! మాంగా అయిపోయింది, రచయిత అలసిపోయాడు, కానీ టీవీ స్లాట్ మాత్రం ఖాళీగా ఉండకూడదు. తొరియామా లోగో, మొదట్లో కొన్ని డిజైన్లు ఇచ్చాడు. కథ తోయీ వాళ్ళే అల్లుకున్నారు. 64 ఎపిసోడ్లకు, 1997 నవంబర్‌లో జీటీ అయిపోయింది.

ఆ తర్వాత దాదాపు 18 ఏళ్ళు కొత్త టీవీ కథ లేదు. 2013లో బ్యాటిల్ ఆఫ్ గాడ్స్ సినిమా వచ్చింది, 2015లో రిజరెక్షన్ ఎఫ్ వచ్చింది. ఆ ఊపులో 2015 జులై 5న సూపర్ మొదలైంది. 2018 మార్చి 25 దాకా 131 ఎపిసోడ్లు నడిచింది. దీనికి కథ రూపురేఖలు, కొత్త పాత్రలు తొరియామానే ఇచ్చాడు.

ఇప్పుడు అసలు తేడా. చాలామంది "ఇది రచయితది, అది కాదు" దగ్గరే ఆగిపోతారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది, కథాకాలంలో ఏది ఎక్కడుంది అనేది. జీ చివర్లో బూ చచ్చాక కథ పదేళ్ళు ముందుకు దూకుతుంది కదా, గోకు ఊబ్‌ని తీసుకుని వెళ్ళిపోతాడు. సూపర్ ఆ పదేళ్ళ ఖాళీలో ఇమిడిన కథ. జీటీ ఆ పదేళ్ళు అయిపోయాక, ఇంకో అయిదేళ్ళకి మొదలయ్యే కథ.

దీనివల్ల ఏమవుతుందంటే, సూపర్‌లో ఎవరు ఏమైనా చివరికి అందరూ క్షేమంగా ఆ ముగింపు దగ్గరికి చేరాల్సిందే. అది ముందే రాసిపెట్టి ఉంది. గోకు, వెజీటా, పిక్కొలో, ఎవరూ శాశ్వతంగా పోవడానికి వీల్లేదు. జీటీకి ఆ కట్టుబాటు లేదు. అక్కడ మనుషులకు వయసు మళ్ళుతుంది, చస్తారు, వెళ్ళిపోతారు.

ముందు జీటీ తప్పులు ఒప్పుకుందాం. మొదటి 16 ఎపిసోడ్లు నిజంగానే నీరసం. పిలాఫ్ పొరపాటున కోరిన కోరికతో గోకు పిల్లాడైపోతాడు. బ్లాక్ స్టార్ డ్రాగన్ బాల్స్ ఏడాదిలోపు వెతికి తేకపోతే భూమి పేలిపోతుంది. గోకు, పాన్, ట్రంక్స్ ముగ్గురూ గ్రహాలు తిరుగుతారు. వినడానికి బాగుంది, చూడ్డానికి సాగుతుంది. అమెరికాలో ఫనిమేషన్ వాళ్ళు ఈ 16 ఎపిసోడ్లనీ పక్కన పెట్టి, ఒక్క ఎపిసోడ్‌లో కుదించి, అక్కడి నుంచే టీవీలో వేశారు. అర్థం చేసుకోండి.

పాన్ పాత్ర ఇంకో బాధ. గోహన్ కూతురు, గోకు మనవరాలు, చిన్నప్పుడే ఎగిరిన పిల్ల. ఆమెను పట్టుకుని ఎపిసోడ్‌కోసారి "తాతా, కాపాడు" అనిపించారు. గోకు తప్ప ఎవరూ గెలవరు. సూపర్ 17 కథ ఏడు ఎపిసోడ్లలో ముగిసినా ఎక్కువే అనిపిస్తుంది. ట్రంక్స్ ఒక్కడు మాత్రం నాకు నచ్చాడు. క్యాప్సూల్ కార్పొరేషన్ ప్రెసిడెంట్ అయ్యుండి, ఫైళ్ళు చూడలేక కిటికీలోంచి పారిపోతాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఈ మైక్ ముందు కూర్చున్నోణ్ణి, వాణ్ణి నేనెలా తిడతాను చెప్పండి?

కానీ బేబీ కథ దగ్గర్నుంచి జీటీ వేరే షో. సైయాన్లు ఒకప్పుడు టఫుల్స్ అనే జాతిని తుడిచిపెట్టారు. ఆ జాతి పగ బేబీ రూపంలో వచ్చి వెజీటా ఒంట్లోనే దూరుతుంది. పాత పాపం తిరిగొచ్చింది, అది కూడా మన హీరోల జాతి చేసింది. బేబీని ఓడించాక కూడా బ్లాక్ స్టార్ బాల్స్ వల్ల భూమి పేలిపోవడం ఆగదు. అవి శాశ్వతంగా పోవాలంటే పిక్కొలో చావాలి. అందుకని అతను పేలిపోయే భూమి మీదే ఉండిపోతాడు. గోహన్‌తో వీడ్కోలు సీన్ ఉంది చూడండి, జీలో అయిదేళ్ళ గోహన్ కోసం వెజీటా ముఠాకు అడ్డుపడి చచ్చిన పిక్కొలోనే గుర్తొస్తాడు. ఈసారి మాత్రం అతన్ని బతికించడానికి ఎవరూ కోరిక కోరరు, ఎందుకంటే అతనే వద్దంటాడు.

ఇక చివరి కథ, షాడో డ్రాగన్స్. ఇన్నేళ్ళూ ప్రతి చిన్నదానికీ డ్రాగన్ బాల్స్ వాడారు. ఆ కోరికల చెడు శక్తి పేరుకుపోయి, ఏడు బంతుల్లోంచి ఏడు డ్రాగన్లు శత్రువులుగా పుడతాయి. ఒక్కో డ్రాగన్ పాత కథలోని ఒక్కో కోరిక నుంచి వచ్చింది. రెండు నక్షత్రాల డ్రాగన్ ఊపా తండ్రి బోరాని బతికించిన కోరిక నుంచి. అయిదు నక్షత్రాలది, వెజీటాతో యుద్ధానికి గోకుని బతికించిన కోరిక నుంచి. ఆరు నక్షత్రాలది ఊలాంగ్ అడిగిన ఆ లోదుస్తుల కోరిక నుంచి, అవును, దానికీ లెక్క ఉంది. అన్నిటికంటే భయంకరమైన ఒక నక్షత్రం డ్రాగన్, ఫ్రీజా మనుషులు చంపిన అమాయకులను బతికించిన కోరిక నుంచి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. తండ్రి కోసం ఏడ్చే పిల్లాడికి తండ్రిని ఇవ్వడం తప్పా? కాదు. అయినా దానికీ వెల ఉంది అంటుంది జీటీ. మనకిది కొత్త సంగతేం కాదు. దశరథుడు కైకకు రెండు వరాలిచ్చింది ఆమె ప్రాణం కాపాడినందుకు, మంచి మనసుతోనే. ఏళ్ళ తర్వాత అవే వచ్చి ఆయన ప్రాణం తీశాయి. మా నల్లమల కొండల్లోనే ఉన్న అహోబిలం కథ కూడా వరంతోనే మొదలవుతుంది కదా, హిరణ్యకశిపుడి వరం. 1997లో జపాన్ టీవీ వాళ్ళు తీసిన కథను మా నాయనమ్మ అందుకే అంత తేలిగ్గా పట్టేసింది.

మరి సూపర్? సూపర్ మొదటి 27 ఎపిసోడ్లు ఆ రెండు సినిమాల కథే మళ్ళీ. అయిదో ఎపిసోడ్ బొమ్మలు ఎంత నాసిరకంగా ఉన్నాయంటే, ఇప్పటికీ జనం స్క్రీన్‌షాట్లు పెట్టి నవ్వుకుంటారు. తయారీకి టైం ఇవ్వకుండా పరిగెత్తించిన ఫలితం అది.

కానీ సూపర్‌లో ఉన్న సందడి జీటీలో లేదు, ఇది నిజం. బీరస్‌నే తీసుకోండి. ఏళ్ళ తరబడి పడుకుంటాడు, లేచాక తిండి కావాలి, తిండి బాగాలేకపోతే గ్రహం పోయినట్టే. కుంభకర్ణుడి చేతికి సంహార శాఖ అప్పజెప్పినట్టుంటుంది. గోకు బేస్‌బాల్ ఆడతాడు, పొలంలో ముల్లంగి పండిస్తాడు. వెజీటా, కూతురు పుట్టబోతోందని ట్రైనింగ్ మానేసి బుల్మా పక్కనే ఉంటాడు. జీటీలో మీసాలు పెంచడం తప్ప పెద్దగా పనిలేని వెజీటా, ఇక్కడ నిజమైన తండ్రి అయ్యాడు.

ఇక టోర్నమెంట్ ఆఫ్ పవర్. ఎనిమిది విశ్వాలు, ఒక్కో దాని నుంచి పదిమంది, 48 నిమిషాలు, ఓడిన విశ్వం మొత్తం తుడిచివేత. మాస్టర్ రోషి లాంటి ముసలాయనకు కూడా ఒక గొప్ప ఎపిసోడ్ దొరికింది. చివర్లో జీరెన్ మీదికి గోకు, ఫ్రీజా కలిసి దూకడం చూసి నేను మంచం మీద నిలబడిపోయాను. మెక్సికోలో ఊరి కూడళ్ళలో పెద్ద తెరలు కట్టి, వేలమంది కలిసి చివరి ఎపిసోడ్లు చూశారు. ఆ ఆనందం ఉత్తదేం కాదు.

కానీ తర్వాత ఏమైంది? గెలిచిన ఆండ్రాయిడ్ 17 ఒక్క కోరికతో పోయిన విశ్వాలన్నిటినీ వెనక్కి తెప్పించాడు. కోరిక మంచిదే, అతను మంచివాడే. ఫ్రీజాని కూడా బహుమానంగా బతికించేశారు. అన్నీ మొదటికొచ్చాయి. చిన్నప్పుడు మా అందరి చేతుల్లో మార్కాపురం పలకే ఉండేది. బలపంతో ఎంత రాసినా, తడి చేత్తో ఒక్కసారి తుడిస్తే మళ్ళీ నల్లగా, కొత్తగా. సూపర్ ఆ పలక లాంటిది. ఎంత గొప్పగా రాసినా తుడిచేస్తుంది.

ఒక్క మినహాయింపు ఉంది, న్యాయంగా చెప్పాలి. గోకు బ్లాక్ కథలో, భవిష్యత్ ట్రంక్స్ కాపాడుకుందామనుకున్న లోకాన్ని జెనో మొత్తంగా చెరిపేస్తాడు. ట్రంక్స్, మాయి వేరే కాలానికి వెళ్ళి, అక్కడ ఇంకో ట్రంక్స్ ఉండగానే బతకాలి. అది తుడిస్తే పోయే గీత కాదు. కానీ సూపర్ దాన్ని పట్టుకుని ఏడవడానికి కూడా మనకు టైం ఇవ్వదు. వెంటనే జోకుల్లోకి వెళ్ళిపోతుంది.

ముగింపులు పక్కపక్కన పెట్టి చూడండి. సూపర్ చివర్లో గోకు, వెజీటా మళ్ళీ స్పారింగ్‌కి దిగుతారు. రేపు కూడా ఇంతే అని మనకు తెలుసు, హాయిగా ఉంటుంది. జీటీ చివర్లో గోకు క్రిలిన్ దగ్గరికి వెళ్ళి, చిన్నప్పటిలా ఒక్కసారి కుస్తీ పడతాడు. మాస్టర్ రోషిని చూస్తాడు. షెన్రాన్ మీద ఎక్కి వెళ్ళిపోతాడు. డ్రాగన్ బాల్స్ అతని ఒంట్లో కలిసిపోతాయి. వందేళ్ళ తర్వాత ముసలి పాన్, టోర్నమెంట్‌లో తన వంశంలో పిల్లాడు కొట్లాడుతుంటే చూస్తుంది. గుంపులో ఒక్క క్షణం తాత కనిపిస్తాడు. అంతే.

తొరియామా గారు 2024 మార్చి 1న పోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు గుర్తొచ్చింది ఆయన రాయని ఈ ముగింపే. ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చిన డైమాలో ఆయన కథలోనే గోకు మళ్ళీ పిల్లాడయ్యాడు, చివర్లో సూపర్ సైయాన్ 4 కూడా వచ్చింది. రెండూ జీటీలో మనం ఎప్పుడో చూసినవే. లెక్కలోకి రాదన్న సిరీస్ ఆలోచనలు లెక్కలోకి వచ్చేశాయన్నమాట.

సరే, తీర్పు. వెనక్కి తీసుకునే సగం ఇది. జీటీ చెత్త కాదు, దాని కథనం బలహీనం. ఎపిసోడ్ల వరసలో, ఫైట్లలో, తోటి పాత్రలను చూసుకోవడంలో సూపరే మేలు. కానీ మా తమ్ముడు అడిగిన ప్రశ్నకు సూపర్ 131 ఎపిసోడ్లలో సూటిగా జవాబు చెప్పలేదు. జీటీ చెప్పింది.

చూసే వరస అడిగితే నా మాట ఇది. జీ, తర్వాత సూపర్, ఆఖర్న జీటీ. జీటీలో ఎవరికీ బీరస్ గుర్తుండడు, నీలం జుట్టు ఎవరికీ రాదు. అది 18 ఏళ్ళ ముందు తీసింది కాబట్టి ఆ అతుకు కనిపిస్తుంది, క్షమించేయండి. మొదటి 16 ఎపిసోడ్లు పనులు చేసుకుంటూ చూడండి. షాడో డ్రాగన్స్ మాత్రం ఫోన్ పక్కన పెట్టి చూడండి.

మావోడు జీటీ చివరి ఎపిసోడ్ పోయిన వారం చూశాడు. అయిపోయాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అన్నా, గోకు మళ్ళా రాడా?" అన్నాడు. రాడురా అన్నాను. "మరి సూపర్‌లో ఉన్నాడు గదా" అన్నాడు. అది దీనికి ముందు కథ అని చెప్పా. సరేనని టీవీ పెట్టుకుని సూపర్ మళ్ళీ మొదటి నుంచి చూడ్డం మొదలుపెట్టాడు. ఈసారి ఎగరగొట్టకుండా చూస్తున్నాడు.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం.