దమ్ము జబ్బు: మనం చేయగలిగింది
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

రంజాన్ రాగానే మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ రోడ్ల పక్కన హలీం బట్టీలు లేస్తాయి. లోపల కట్టెల మంట, పైన దేగ్. గంటల తరబడి చెక్క రోకళ్లతో మెదుపుతూనే ఉండాలి. హైదరాబాద్ హలీంకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పొగలో నిలబడే మనిషి ఛాతీ సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఆయన మిగతా నెలల్లోనూ ఏదో హోటల్ బట్టీ ముందే ఉంటాడు. నలభై ఐదు దాటాక మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేవగానే దగ్గు, కళ్లె. "వయసు మీద పడింది సాబ్" అంటాడు.

అది వయసు కాకపోవచ్చు. సీఓపీడీ కావచ్చు. మన బస్తీల్లో దమ్ము అంటారు. ఆస్తమానూ దమ్మే అంటారు, చిక్కంతా అక్కడే. ఆస్తమా తరచు చిన్నప్పుడే మొదలై, వస్తూ పోతూ ఉంటుంది. సీఓపీడీ ఏళ్ల తరబడి పొగ, దుమ్ము పీల్చాక మెల్లగా వస్తుంది, వచ్చింది పోదు. గాలి గొట్టాలు ఇరుకవుతాయి, గాలి గదుల గోడలు చితికి ఊపిరితిత్తి బిగువు పోతుంది. లోపలికి పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. పాత గాలి కదలకపోతే కొత్త గాలికి చోటేదీ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో ఈ జబ్బుతో 35 లక్షల మంది చనిపోయారు. మరణ కారణాల్లో దీనిది నాలుగో స్థానం. బీడీ, సిగరెట్ పెద్ద కారణాలే. కానీ "నాకు ఆ అలవాటే లేదు" అన్నవాళ్లకూ మన దేశంలో చాలామందికి వస్తోంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఈ కారిడార్‌లో కట్టడం ఆగిందే లేదు. టైల్స్, గ్రానైట్ కోసేవాళ్లు, వెల్డర్లు మనవాళ్లలో ఎందరో ఉన్నారు. 1999లో దీపం పథకంతో, 2016 నుంచి ఉజ్వలతో ఎన్నో ఇళ్లకు గ్యాస్ వచ్చింది. అంతకు ముందు ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన అమ్మల ఛాతీలో ఆ పొగ చేసిన చెరుపు అలాగే ఉంది. ఒకప్పుడు టీబీ వచ్చి నయమైనవాళ్లకూ ముప్పు ఎక్కువే.

ఎక్స్‌రే ఒక్కటే తీయించి ఊరుకుంటే మొదటి దశలో జబ్బు తప్పించుకుంటుంది. తేల్చేది స్పైరోమెట్రీ. మందు పీల్చాక గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు. ఊదిన మొత్తంలో 70 శాతం కూడా మొదటి సెకనులో బయటికి రాకపోతే గొట్టాలు అడ్డుపడ్డట్టే. సూది లేదు, రక్తం లేదు.

ఇక ఇన్‌హేలర్. "ఒకసారి మొదలెడితే వదలదు" అనే భయం మన ఇళ్లలో పాతుకుపోయింది. లెక్క చూడండి: సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు, ఇన్‌హేలర్ ఒక్క నొక్కు 100 మైక్రోగ్రాములు. మాత్రలో నలభై రెట్లు మందు ఒళ్లంతా తిరిగి చేతులు వణికిస్తుంది. ఇన్‌హేలర్‌లోది నేరుగా ఛాతీకి పోతుంది. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరక సగం మందు గొంతులోనే ఆగిపోతుంది, అందుకే స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బా కావాలి. వాడే పద్ధతిని వచ్చినప్పుడల్లా చేయించి చూడాలి.

రోజా ఉన్నప్పుడు ఇన్‌హేలర్ వాడొచ్చా అని ప్రతి ఏడాదీ అడుగుతారు. ఆలిముల్లో రెండు అభిప్రాయాలున్నాయి, తీర్పు చెప్పడం నా పని కాదు. డాక్టర్‌గా చెప్పగలిగిందేమంటే, 12 గంటలు, 24 గంటలు పనిచేసే మందులున్నాయి, సెహ్రీ, ఇఫ్తార్ వేళలకు సర్దుకోవచ్చు. ఆ మార్పు రంజాన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడి చేసుకోవాలి. ఆయాసం ఎక్కువైతే ఆగకూడదు, రోగికి రోజా వాయిదా వేసుకునే రుఖ్సత్ దీన్‌లోనే ఉంది.

పొగ మానడం, ఏటా ఫ్లూ టీకా, డాక్టర్ చెప్పిన న్యుమోనియా టీకా, రోజూ కాస్త నడక, ఈల వేసినట్టు పెదాలు మూసి మెల్లగా ఊపిరి వదలడం. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ మంచం పట్టకుండా కాపాడేవి ఇవే.

ఇప్పుడు మీతో అసలు పని. కోవిడ్ కాలంలో చాలామంది ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు దానం చేశారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆక్సిజన్ స్థాయి 88 లేదా అంతకన్నా తక్కువ ఉండే సీఓపీడీ రోగి రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుంది. అంతకన్నా బాగున్నవాళ్లకు దానితో పెద్ద లాభం లేదు, కనుక పరీక్ష లేకుండా యంత్రం ఇవ్వొద్దు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ నాబ్ తిప్పి ఎక్కువ పెడతారు, అదీ ప్రమాదమే. యంత్రం దగ్గర బీడీ వెలిగిస్తే మంటలే.

ఇంకో సంగతి ఎవరికీ తట్టదు. ఆ యంత్రం సుమారు 350 వాట్లు తాగుతుంది. రోజుకు 15 గంటలంటే అయిదు యూనిట్లకు పైగా, నెలకు 150 దాటుతాయి. గృహజ్యోతి జీరో బిల్లు 200 యూనిట్ల వరకే. ఫ్యాన్, ఫ్రిజ్ కలిపితే హద్దు దాటి మొత్తం బిల్లు మీద పడుతుంది. అప్పుడు రాత్రిపూట యంత్రం ఆపేస్తారు. యంత్రం ఇచ్చే దాత ఆ ఇంటి కరెంటు బిల్లు కూడా ఏడాదికి రాసిస్తేనే ఆ దానం రోగికి చేరినట్టు. ఈసారి నిధిలో కొత్త యంత్రాలు తగ్గించి ఒక స్పైరోమీటర్, వంద స్పేసర్లు, కరెంటు బిల్లులకు కొంత పక్కన పెట్టండి. తొలి క్యాంపు హలీం బట్టీల దగ్గరే, రంజాన్‌కు నెల ముందు పెడదాం. నేను వస్తాను.