ఫ్యూజు తీగె నేర్పిన పాఠం



నేను ఫైళ్ళు చూసిన గుమాస్తానే గాని కరెంటు పని తెలిసినవాణ్ణి కాను. ఫ్యూజు పోయినప్పుడల్లా, ఇక పోకూడదని లావుపాటి రాగితీగె చుట్టేవాణ్ణి. ఒకనాడు గీజరు కింది కుళాయి ముట్టుకుని మా ఆవిడ కుప్పకూలింది. అదృష్టవశాత్తు ప్రాణం దక్కింది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు!

సరైన ఫ్యూజున్నా మనిషికి తగిలే ఆ కొద్ది కరెంటుకు పోదని తర్వాత తెలిసింది. ఎం.సి.బి. కూడా అంతే, లోడు మించినా, షార్టయినా పడిపోయి వైరింగును కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్ల రకం పెట్టిస్తే, ఆ మాత్రం లీకుకే క్షణంలోపు కరెంటు ఆపేస్తుంది. రెండూ కావాలి; ఎర్తింగు సరేసరి.

ఎం.సి.బి.ని తీగెను బట్టి ఎంచాలి. లైట్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగెకు 6 లేక 10 ఆంపియర్లు, 2.5 తీగెకు 16. మాటిమాటికీ పడిపోతోందని 32 పెట్టిస్తే నా లావు తీగె కథే మళ్ళీ మొదలు.

ఆర్.సి.సి.బి. మీది టెస్టు బటను నెలకోసారి నొక్కండి. పడిపోకపోతే వెంటనే ఎలక్ట్రీషియనుకు కబురు పెట్టండి. మనం ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తాం గదా. ఇంటి దగ్గర దాన్ని నెలనెలా అడిగి తీసుకుందాం.

సెలవు.