బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అనగానే ఎవరైనా మొదట అడిగేది “ఎంతండీ?” అనే. అడగాల్సిందే, డబ్బు మీది. కాకపోతే బేరం అక్కడితో ఆపకండి. చెడినప్పుడు వచ్చి చూసేది ఎవరో కూడా తేల్చుకోండి.

2025 సెప్టెంబరు గుర్తుందా? 3వ తేదీ రాత్రి జీఎస్టీ మండలి రేట్ల మార్పు ప్రకటించింది. 22 నుంచి అమలు. చాలా మందుల మీద పన్ను 12 శాతం నుంచి 5కి దిగింది, 33 ప్రాణరక్షక మందుల మీద పూర్తిగా ఎత్తేశారు. సబ్బులు, టూత్‌పేస్టులు, తలనూనెలు 18 నుంచి 5కి వచ్చాయి. మందుల షాపు సంగతే చూడండి. ప్రతి సరుకుకీ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పన్ను రేటు విడివిడిగా ఎక్కించి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు అప్‌డేట్ పంపి, ఫోన్లో ఉండి మార్పించారంటే 22న పొద్దున షట్టర్ ఎత్తి మామూలుగా బిల్లు కొట్టుకోవచ్చు. పలికే నాథుడు లేకపోతే యజమానీ గుమాస్తా రాత్రంతా కూర్చుని ఒక్కో ఐటమ్ దిద్దుకోవాలి. ఎక్కడో ఒకటి తప్పిపోయి పాత రేటు పడితే మందు కొన్న రోగికి నష్టం. పన్ను పేరుతో వసూలు చేసింది కాబట్టి ఆ సొమ్ము మీ దగ్గర ఉంచుకోవడానికీ లేదు, ప్రభుత్వానికి కట్టాల్సిందే.

నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు 11, 20 తేదీల గడువుల గురించి నేను చెప్పాలా? ఆ ముందురోజు సాయంత్రం డేటా తెరుచుకోకపోతే ఆలస్య రుసుము పడుతుంది, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. చవగ్గా కొని మిగిల్చింది అక్కడే కరిగిపోతుంది.

క్రాక్ చేసిన కాపీ మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. పట్టుబడతామనే భయంతో అప్‌డేట్లు ఆపేస్తారు, దొంగలకు తలుపు తీసి పెట్టినట్టే. 2017 మేలో వానాక్రై వైరస్ వచ్చింది. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులవీ ఉన్నాయి.

అలాగని ఖరీదైనదల్లా నమ్మకమైనదని నేననను. ఈఆర్‌పీనెక్స్ట్ లాంటివి మన దేశంలోనే తయారై, ఉచితంగా దొరుకుతున్నాయి. మంచివే. అయితే సర్వర్ నడపాలి, బ్యాకప్‌లు చూడాలి. ఆ పని తెలిసిన మనిషి మీ దగ్గరుంటే నిశ్చింతగా తీసుకోండి. లేకపోతే అతని జీతమే మీ సాఫ్ట్‌వేర్ ఖరీదు. మొదటి ఏడాది డిస్కౌంటు చూసి కూడా మురిసిపోవద్దు, ఐదేళ్ల రెన్యువల్స్ కలిపి లెక్క వేయండి.

కొనేముందు సేల్స్ అబ్బాయి నంబరు పక్కన పెట్టి, 10వ తేదీ సాయంత్రం సపోర్ట్ నంబరుకు మీరే ఫోన్ చేయండి. ఎంతసేపటికి ఎత్తారు, మీ గుమాస్తాకు అర్థమయ్యే తెలుగులో చెప్పారా చూడండి. బ్యాకప్ ఉందంటే సరిపోదు, మీ కళ్లముందు వేరే కంప్యూటర్లో ఎక్కించి పాత బిల్లు ఒకటి తెరిపించండి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. రేపు వాళ్లను మానేసినా మీ డేటా మొత్తం ఎక్సెల్లో ఇస్తామని రాయించుకున్నాకే అడ్వాన్సు చేతిలో పెట్టండి.