వసారాలోని మఖమలు తీగ

ఎండ తగులని వసారాలో పూలమొక్క బ్రతుకదని మనలో పెక్కుమంది అభిప్రాయము. చీపురుపల్లిలోని మా పాత పెంకుటింటి వసారా అట్టిదే. చూరు బాగుగా క్రిందికి దిగియుండుటచే మిట్టమధ్యాహ్నమునందును అచట మసకవెలుతురే. గులాబి నాటితిమి, నీరసించి పోయినది. మందారము ఆకులు వేసినదే గాని పూవు చూపలేదు. ఆ చోట ఏండ్ల తరబడి వర్ధిల్లినది ఒక్కటే మొక్క. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఎపీషియా అందురు. నీడయందుండునది అను అర్థమిచ్చు గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చినది. మా అమ్మగారికి గ్రీకుతో పని లేదు. ఆకును వ్రేలితో తాకి చూచి, మఖమలు తీగ అని పేరు పెట్టిరి. ఆ పేరే తగినదని మా తలంపు. రాగిరంగు ఆకు, దానిపై మెత్తని నూగు, ఈనెల వెంట వెండిపూత. నడుమ నడుమ ఎఱ్ఱని చిన్న పూవులు. కొలంబియా, వెనెజులా మొదలగు దేశముల అడవులు దీని పుట్టినిల్లు. చలిదేశములలో దీనిని వెచ్చని గాజు ఇండ్లలో ఉంచి సాకుదురు. 10 డిగ్రీల చలి తగిలినచో ఆకు నల్లబడును. మన ఉక్కపోత మాత్రము దీనికి ప్రాణము. మనము విసనకఱ్ఱ పుచ్చుకొని విసుగుకొను దినములలో ఇది చిగురించును!

అట్టి మొక్కను మేము చేజేతుల చంపితిమి. అమ్మగారు పోయిన ఏడాది, ఆమె చేతి మొక్క గదా అని ప్రతి ఉదయమును చెంబెడు నీళ్లు పోయసాగితిమి. ఆకులు వడలినవి. దాహమని తలచి సాయంకాలమును పోసితిమి. మట్టి కంపు కొట్టువరకు అనుమానము రాలేదు. వేరు ఎండినను ఆకు వడలును, వేరు కుళ్లినను వడలును. మట్టిలో వ్రేలు పెట్టి చూచినగాని భేదము తెలియదు. పైమట్టి పొడిగా తగిలిననాడే నీరు పోయవలెను. అదియు మట్టికే గాని, ఆకులపై కాదు. చన్నీరు పడినచోట మచ్చలు కట్టును.

ఇంటికి వచ్చినవారికెల్ల పిలక పంచుట అమ్మగారి అలవాటు. మేము దానిని చాదస్తమనుకొంటిమి. ఖాళీ కుండ చూచి పొరుగింటి పిన్నిగారు, "మీ అమ్మ ఇచ్చిన పిలకే బాబూ, మా నూతిగట్టు కాడ పాకింది, తీసుకుపో" అనిరి.

తీగ కొసనుండు చిన్న ఆకుల గుత్తియే పిలక. దానిని తల్లి నుండి కోయకయే ప్రక్క కుండలోని తడిమట్టిపై ఆనించి, వంచిన ఈనెపుల్లతో అదిమి ఉంచినచో రెండు మూడు వారములలో వేరు పట్టును. పిమ్మటనే కోయవలెను. ఎఱ్ఱమట్టి, చివికిన ఆకుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లు, గుప్పెడు ఇసుక, అడుగున చిల్లి గల లోతు తక్కువ కుండ, ఇంతే. పూవులు తగ్గినచో కొన్ని తీగలను త్రుంచవలెను, లేనిచో బలమంతయు పిలకలకే పోవును.

కుండను వ్రేలాడదీయుటకు ఇనుప గొలుసులు కొననక్కరలేదు. పెరుగుకుండ లేక ఖాళీగానున్న ఉట్టి చాలును. మే నెల వడగాలికి మాత్రము దింపి, గులకరాళ్లు పరచి నీరు పోసిన పళ్లెములో, కుండ అడుగు నీటిని తాకకుండ నిలుపవలెను. తుపాను హెచ్చరిక వచ్చినపుడును దింపవలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ నాడు అమ్మగారు మొట్టమొదట లోనికి చేర్పించినది ఈ కుండనే. బియ్యపుబస్తా సంగతి తరువాత జ్ఞాపకము వచ్చినది.

తొలకరి వచ్చినది గనుక పిలక నాటుటకు ఇదియే అదను. మా ఉట్టి నుండి ఇప్పుడు మూడు తీగలు దిగియున్నవి. ఒకటి పిన్నిగారి కోడలికని అట్టిపెట్టితిమి.