క్రొత్త విండోసు, పాత వ్రాతలు



నేటి నా ప్రసంగమునకు విషయము ఇంటి కంప్యూటరు. ఇది పట్టణవాసుల ముచ్చట యని మీరు తలపవచ్చును. కాని నేడు మన పల్లెలలో చదువుకొను పిల్లలున్న యిండ్లయందును, పింఛను పొందుచున్న ఉపాధ్యాయుల యిండ్లయందును, ఎరువుల దుకాణములయందును ఈ యంత్రము కనబడుచున్నది. పిల్లలు ఉద్యోగములకై హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోవునప్పుడు తాము వాడిన యంత్రమును తల్లిదండ్రులకు విడిచిపోవుటయు కలదు. అందు పట్టాదారు పాసుపుస్తకముల నకళ్లు, వివాహముల ఛాయాచిత్రములు, మనుమల మార్కుల పత్రములు, గతించిన పెద్దల కంఠధ్వనులు చేరియున్నవి. యంత్రము పాతదైనను అందలి వ్రాతలు ఇంటి ఆస్తియే.

ఈ యంత్రమును నడపు మూలవ్యవస్థను ఆపరేటింగు సిస్టమందురు. మన యిండ్లలోని యంత్రములలో ననేకములందు ఉన్నది విండోసు అనునది. దానిని మార్చు సమయమున ఇంటివారి వ్రాతలు నశింపకుండ నెట్లు కాపాడుకొనవలయునో మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

మొదట ఒక భేదమును గ్రహింపవలయును. విండోసు వేరు, మన వ్రాతలు వేరు. 1984వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు కరణము, మునసబు పదవులను రద్దుచేసిన సంగతి మీలో పెద్దలకు జ్ఞాపకముండును. పదవి పోయినను ఊరి భూములు పోలేదు, లెక్కల యక్కర తీరలేదు. అయితే దఫ్తరము ఒక చేతినుండి మరియొక చేతికి మారవలసి వచ్చెను. ఏ కాగితమైనను తప్పిపోవునేని అట్టి అప్పగింత వేళనే తప్పిపోవును. కంప్యూటరునందును అంతే. విండోసు కరణము వంటిది. మన ఫైళ్లు దఫ్తరము వంటివి. కరణము పోయినచో మరియొకడు వచ్చును. దఫ్తరము పోయినచో తిరిగి వ్రాయించుట ఎవరి తరము?

బాగుగ నడచుచున్న యంత్రమును కదలించుట యెందుకని కొందరడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. విండోసు 10 అనునది 2015 జూలై 29న వెలువడినది. దానికి ఉచితముగ చేయుచున్న మరమ్మతులను మైక్రోసాఫ్టు సంస్థవారు 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిపివేసిరి. మరుసటి దినమున యంత్రము ఆగిపోలేదు. కాని గోడకు క్రొత్తగ పడు కన్నములను పూడ్చు మేస్త్రీ యికరాడు. దొంగలకు మాత్రము ఆ కన్నముల సంగతి తెలియుచునే యుండును.

ఇది వట్టి బెదరింపు కాదు. 2017 మే మాసమున వాన్నాక్రై యను దుష్టక్రమణిక లోకమంతట ప్రబలి, యంత్రములలోని వ్రాతలకు తాళము వేసి, తాళము తీయుటకు సొమ్మడిగెను. ఇంగ్లండులో పెక్కు ఆసుపత్రుల పనులు దానిచేత స్తంభించెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి యంత్రములు కొన్నియు దాని వాతబడెను. అది దూరిన కన్నమును పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్టువారు ఆ మార్చి మాసముననే పంచియుండిరి. ఆ మరమ్మతు చేరని యంత్రములే దానికి చిక్కినవి. కావున ఇంటి లెక్కలు, బ్యాంకు వ్యవహారములు గల యంత్రమును మరమ్మతులు లేని వ్యవస్థపై ఏండ్ల తరబడి నడపుట మంచిది కాదు.

ఇక రెండవ ప్రశ్న. మార్చునప్పుడు ఫైళ్లు పోవునా? సాధారణముగ పోవు. విండోసు 10 నుండి విండోసు 11నకు మారువారికి, వ్రాతలను, పనిముట్లను ఉన్నచోటనే యుంచు ఏర్పాటు కలదు. అయినను "సాధారణముగ" అను మాటపై ఇంటి ఆస్తిని నిలుపరాదు. 2018 అక్టోబరు 2న మైక్రోసాఫ్టువారు విండోసు 10నకు ఒక పెద్ద సవరణను విడుదల చేసిరి. పత్రముల ఫోల్డరును ఒకచోటినుండి మరియొకచోటికి మార్చుకొని, పాతచోట కొన్ని ఫైళ్లను మిగిల్చియుంచినవారిలో కొందరికి, ఆ మిగిలిన ఫైళ్లు తుడిచివేయబడెను. వారము గడువకమున్నే సంస్థవారు పంపకమును ఆపి, లోపమును దిద్ది, నవంబరు 13న మరల విడుదల చేసిరి. అట్టి నష్టము పదివేల యంత్రములలో ఒకదానికి మాత్రమే కలిగినట్లు తెలియవచ్చెనని వారు ప్రకటించిరి. సంఖ్య స్వల్పమే. కాని ఆ యొక్క యిల్లు మనదైనచో మనకది స్వల్పము కాదు.

కావున మార్పునకు మున్ను ప్రతి తీసికొనవలయును. ఇంతవరకు అందరును చెప్పుదురు. నేను నొక్కి చెప్పదలచినది దాని తరువాతి మాట: వేరొక యంత్రమున తెరచి చూడని ప్రతి, ప్రతి కాదు.

నేనెరిగిన ఒక విశ్రాంతోపాధ్యాయుడు పండ్రెండేండ్లు శ్రమించి తమ వంశవృక్షమును, ఊరి చెరువు, దేవాలయముల చరిత్రను సేకరించి కంప్యూటరున వ్రాసియుంచెను. విండోసు మార్పించుటకై యంత్రమును పట్టణములోని యొక దుకాణమున కిచ్చునప్పుడు, తెరపై కనబడు బొమ్మలన్నిటిని పెన్ డ్రైవులోనికి స్వయముగ ఎక్కించుకొనెను. దుకాణమువారు డిస్కును తుడిచి క్రొత్త విండోసు నెక్కించిరి. ఆయన యింటికి వచ్చి పెన్ డ్రైవు తెరువగా బొమ్మలన్నియు నుండెను, ఒకటియు తెరువబడలేదు. ఏలయన, అవి ఫైళ్లు కావు, షార్టుకట్లు. మూలన చిన్న బాణపు గుర్తుగల బొమ్మ, ఫైలు ఎచ్చటనున్నదో చూపు చేతికొయ్య మాత్రమే. ఊరికి దారిచూపు పలకను పెరికి యింటికి తెచ్చుకొన్నచో ఊరు వచ్చునా? ఆయన అంతకుముందు బంధువులకు అచ్చువేసి పంచిన కొన్ని పుటలు మాత్రము తిరిగి దొరకినవి. చెరువు చరిత్ర చెప్పిన వృద్ధులలో ఇద్దరు అప్పటికే గతించియుండిరి. ఆ పెన్ డ్రైవును ముందునాడు పొరుగింటి యంత్రమున ఒక్కసారి తెరచి చూచినచో ఆ నష్టము కలుగకపోయెడిది.

మన పూర్వులకీ ధర్మము తెలియును. తాటాకు పురుగులపాలగునని యెరిగి క్రొత్త ఆకులపై నకళ్లు వ్రాయించిరి. సి. పి. బ్రౌను దొర తెలుగు కావ్యములను ఉద్ధరించునప్పుడు పండితులను నియమించి, ఒక్కొక గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి సరిచూపించెను. నకలు వ్రాయుట సగము పని. సరిచూచుట తక్కిన సగము.

ఇక చేయవలసిన పనిని వరుసగ మనవిచేసెదను.

ప్రతి తీయుటకు వెలుపల తగిలించు హార్డు డిస్కు మేలు. మన యిండ్లలో ఒక భ్రమ కలదు: ఫైళ్లను సి డ్రైవునుండి డి డ్రైవునకు మార్చినచో భద్రమని. అనేక యంత్రములలో ఆ రెండును ఒకే డిస్కునందలి భాగములు. ఒకే బీరువాలోని రెండు అరలు. బీరువా కాలినచో రెండరలును కాలును. కావున ప్రతి యంత్రము వెలుపల నుండవలయును.

డెస్కుటాపు, డాక్యుమెంట్సు, డౌన్‌లోడ్సు, పిక్చర్సు, వీడియోస్ అను ఫోల్డర్లను, డి డ్రైవు కలదేని దానిని గూడ, పూర్తిగ ఎక్కింపుడు. దుకాణదారులు టాలీ లెక్కలను మరువరాదు. అవి తరచు ఈ ఫోల్డర్ల వెలుపల నుండును. టాలీలోనే బ్యాకప్పు తీయు ఏర్పాటు కలదు. అను ఫాంట్లతో తెలుగు వ్రాసికొన్నవారు ఆ ఫాంట్లను, వాటి యెక్కింపు సామగ్రిని గూడ భద్రపరుపవలయును. ఫైలు నిలిచినను ఫాంటు లేనిచో తెలుగు అక్షరములకు మారుగ అర్థములేని గుర్తులు కనబడును. యూనికోడు తెలుగునకు ఈ చిక్కు లేదు.

పెండ్లి వీడియో వంటి పెద్ద ఫైలు కొన్ని పెన్ డ్రైవులకు ఎక్కదు. ఫ్యాట్ 32 అను పాత పద్ధతిలో సిద్ధపరచిన డ్రైవు 4 జీబీలకు మించిన ఒక్క ఫైలును పట్టజాలదు. చోటున్నను ఎక్కనిది చూచి, పోనిమ్మని విడువరాదు. ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో సిద్ధపరచిన డిస్కును వాడవలయును.

ఎక్కించిన పిమ్మట ఇరుచోట్ల ఫోల్డరుపై మౌసు కుడిమీటను నొక్కి ప్రాపర్టీస్ అనుదానిని చూచినచో, ఫైళ్ల సంఖ్యయు పరిమాణమును కనబడును. రెండును సరిపోవలయును. తరువాత ఆ డిస్కును మరియొక యంత్రమునకు తగిలించి, ప్రతి ఫోల్డరునుండి నాలుగైదు ఫైళ్లను తెరచి, ఫోటో కనబడుచున్నదా, పాట వినబడుచున్నదా, పత్రములో చివరి పుట యున్నదా యని చూడవలయును. అర్ధగంట పని.

వన్ డ్రైవు వంటి అంతర్జాల భాండాగారములను వాడువారికొక మాట. ఫైలు ప్రక్కన మేఘపు గుర్తు మాత్రమే యున్నచో, ఆ ఫైలు మీ యంత్రమున లేదు, దూరమున నున్నది. దాని ఖాతా సంకేతపదము మీకు తెలియునా యని ముందే చూచుకొనుడు. ఛాయాచిత్రకారులనుండి వ్యాపించి నేడు లోకమంతట వాడుకలోనున్న 3-2-1 అను లెక్క కలదు: ముఖ్యమైన వ్రాతకు మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, అందొకటి ఇంటి వెలుపల. కూతురి యింటనో, తమ్ముని యింటనో ఒక డిస్కు ఉంచుట కష్టము కాదు.

బిట్‌లాకరు అను తాళముగల యంత్రములు కొన్ని కలవు. మార్పు జరిగిన పిమ్మట అవి 48 అంకెల సంకేతమును అడుగవచ్చును. దానిని ముందుగ కనుగొని, కాగితముపై వ్రాసి, ఇనుప పెట్టెలో దాచుడు. ఆ సంకేతము లేనిచో ఫైళ్లు డిస్కుపై నున్నను మనకు లేనివే.

మార్పు చేయునాడు, ప్రతియున్న డిస్కును యంత్రమునుండి ఊడదీసి ప్రక్కన పెట్టవలయును. ల్యాపుటాపునకు ఛార్జరు తగిలించియుంచవలయును. బల్లపై నుండు యంత్రమునకు యు.పి.ఎస్. అవసరము. కరెంటు పోవు వేళలు మీకు తెలియును గనుక అవి తప్పించి తీరిక దినమున ఆరంభింపుడు. సామగ్రినుండి ఎక్కించునప్పుడు యంత్రము మూడు మార్గములు చూపును: ఫైళ్లను పనిముట్లను ఉంచుట, ఫైళ్లను మాత్రము ఉంచుట, ఏదియు ఉంచకుండుట. మొదటిదానినే యెన్నుకొనుడు. దుకాణమున కిచ్చినచో "ఫార్మాటు చేయవలదు, ఉన్నదానిపైననే అప్‌గ్రేడు చేయుడు" అని కాగితముపై వ్రాసియిండు.

మారిన పిమ్మట పాత వ్యవస్థ విండోస్.ఓల్డ్ అను ఫోల్డరునందు సాధారణముగ పది దినములుండును. ఆ గడువులో వెనుకకు పోవుటకు వీలుకలదు. కావున ఆ పది దినములలోనే అన్ని ఫైళ్లను, ప్రింటరును, తెలుగు ఫాంట్లను పరీక్షింపుడు. చోటు మిగులునని ఆ ఫోల్డరును తొందరపడి తుడువవలదు.

అన్ని యంత్రములును విండోసు 11నకు తగినవి కావు. దానికి 4 జీబీల జ్ఞాపకశక్తియు, 64 జీబీల చోటును, టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనమును, నిర్ణీతమైన ప్రాసెసరును వలయును. పి.సి. హెల్త్ చెక్ అను ఉచిత పరికరము ఆ సంగతి చెప్పును. తగని యంత్రములకై, 2026 అక్టోబరు 13వ తేదీ గడువుగ, రక్షణ మరమ్మతులను మాత్రము పొడిగించు ఏర్పాటును మైక్రోసాఫ్టువారు ప్రకటించిరి. లినక్సు మింటు, ఉబుంటు వంటి ఉచిత వ్యవస్థలును కలవు. వాటిని పెన్ డ్రైవునుండి నడపి చూచి, నచ్చినచో ఎక్కించుకొనవచ్చును. అయితే ఎక్కించునప్పుడు డిస్కు తుడుపుపడుట సామాన్యము. అట్టివారికి సరిచూచిన ప్రతి మరింత ముఖ్యము.

ఈ పనిలో మీటలు నొక్కుట పిల్లలు చేయుదురు. ఏ వ్రాత విలువ యెట్టిదో చెప్పవలసినది మాత్రము మీరే. తాతగారి ఉత్తరము చిత్రమేదో, చెరువు శాసనము ఫోటో యేదో మనుమనికి తెలియదు. రాబోవు సెలవులకు పిల్లలు వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుండి, పోగూడని వ్రాతల పట్టిక నొకదానిని మీ చేతితో వ్రాసి వారికిండు. వారు ప్రతి తీసిన పిమ్మట ఆ పట్టిక ప్రకారము మీ యెదుటనే ఒక్కొక్కటిగ తెరపింపుడు. అటుపిమ్మటనే క్రొత్త విండోసునకు చేయి చాపుదురుగాక.